పాత మండువా ఇంటి మరమ్మతు: ముగ్గురు మేస్త్రీలు, మూడు ధరలు

కోనసీమలో అంబాజీపేటకు దగ్గరలోని ఊళ్లో మీ తాతగారు 1950లలో కట్టించిన మండువా ఇల్లు (మధ్యలో పైకప్పు లేని ముంగిలి, దాని చుట్టూ గదులు ఉండే పాతకాలపు పెంకుటిల్లు) పన్నెండేళ్లుగా తాళం వేసి ఉందనీ, పెంకులు జారి గదుల్లోకి నీళ్లు దిగుతున్నాయనీ, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూనే ఆ ఇంటిని నివాసయోగ్యంగా చేయించాలని అనుకుంటున్నారనీ రాశారు. ముగ్గురు వచ్చి చూసి ఒకరు 9 లక్షలు, ఒకరు 14 లక్షలు, మరొకరు 22 లక్షలు అవుతుందన్నారనీ, ఈ ముగ్గురిలో నమ్మదగినవారెవరో తేల్చుకోవడం ఎలాగనీ మీ ప్రశ్న. రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా మూడు దశాబ్దాలు పనిచేసి, పదవీ విరమణ తరువాత గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ల మరమ్మతులకు సలహాలు ఇస్తున్నవాడిని కనుక కాస్త వివరంగానే సమాధానం చెబుతాను.

మీ వివరాలను బట్టి చూస్తే 9 లక్షలు చెప్పినవారు పెంకులు తిరగవేసి గోడలకు రంగులు వేద్దామనుకున్నారు, 14 లక్షలు చెప్పినవారు పెంకులు తీసేసి స్లాబు వేద్దామనుకున్నారు, 22 లక్షలు చెప్పినవారు గోడల పూత మొత్తం చెక్కి, సిమెంటు పూత పూసి, నేలకు టైల్సు, లోపల ఫాల్సు సీలింగుతో ‘మొత్తం మార్చేద్దాం’ అనుకున్నారు. అంటే ఆ ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర కట్టారు. ఒకరి ధరను మరొకరి ధరతో పోల్చడానికే వీలులేనప్పుడు, వాటిని బట్టి మనుషుల నిజాయితీని పోల్చడం అసాధ్యం. ఏ పని జరగాలో ముందుగా మీకు తెలిసి, దానిని మీరు కాగితం మీద పెట్టి, ఆ కాగితాన్నే ముగ్గురికీ ఇచ్చి ధర అడిగినప్పుడు మాత్రమే ఎవరు నమ్మదగినవారన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్న విషయం కాదు. ప్రభుత్వ భవనాలకు సిమెంటు బస్తా దగ్గర నుంచి లెక్క రాయించిన నేనే, మా నాన్నగారి ఇంటికి వచ్చేసరికి బంధువులు చెప్పారని ఒక కాంట్రాక్టరును పిలిచి, నోటిమాట మీద మొత్తం ధరకు ఒప్పుకొని, అందులో నలభై శాతం ముందుగానే చేతిలో పెట్టాను. ఏప్రిల్‌లో పెంకులు దించాడు, మే నెలంతా వేరే ఊళ్లో పని ఉందన్నాడు, జూన్ మూడో వారంలో వానలు మొదలయ్యేనాటికి మా ఇల్లు ఆకాశం కింద ఉంది. ఆ మనిషి దొంగ అని ఇప్పటికీ నేను అనలేను. మా డబ్బుతో అంతకుముందరి ఇంటి బాకీ తీర్చాడు, మా ఇంటి పని చేయడానికి తరువాతి ఇంటివారు ఇచ్చే డబ్బు కోసం ఎదురుచూశాడు. ఈ వృత్తిలో చాలామంది బతుకు అలాగే నడుస్తుంది. అది తెలిసి కూడా డబ్బు ఇచ్చినవాడిని నేను.

కాబట్టి మొదట ఇంటి సంగతి చూడండి. పాత ఇంటిని ఎండాకాలంలో చూస్తే అది మీకు సగం నిజమే చెబుతుంది. జోరుగా వాన పడుతున్న రోజున, వీలైతే రెండు రోజులు, ఆ ఊళ్లో ఉండి ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవరు, ఒక చిన్న సుత్తి, ఒక సుద్దముక్క పట్టుకొని గదిగదీ తిరగండి. నీరు కారే ప్రతిచోటా గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి ఫొటో తీసుకోండి. మండువా ఇళ్లలో కారుడు ఎక్కువగా మొదలయ్యేది, నాలుగు వైపుల వాలు కప్పులు ఒకదానితో ఒకటి కలిసే మూలల్లో వేసే రేకుల దగ్గర. ఆ రేకు తుప్పుపట్టి చిల్లులు పడితే, పైన పెంకులు ఎంత చక్కగా నేసినా నీరు నేరుగా మూలస్తంభం మీదికో దూలం చివరికో దిగుతుంది. మీ దగ్గరకు వచ్చిన ముగ్గురిలో ఎవరైనా నిచ్చెన వేసుకొని ఆ మూలలను చూశారా అన్నది గుర్తు చేసుకోండి. కింద మండువాలో పడిన నీరు బయటకు పోయే తూము పూడుకుపోయి ఉంటే నీరు నిలిచి, చుట్టూ ఉన్న గోడల పునాదులకు చెమ్మ పడుతుంది. చాలా ఇళ్లలో గోడల చెమ్మకు మందులు రాయించడానికి ముందు ఆ తూము బాగుచేయిస్తే సగం సమస్య తీరిపోవడం నేను చూశాను.

దూలాలను పరీక్షించేటప్పుడు మధ్యలో తట్టి చూసి ఊరుకోకండి. దూలం గోడలో కూర్చునే చోట, అంటే కంటికి సరిగా కనిపించని ఆ చివర్లలోనే, చెమ్మ చేరి కలప మెత్తబడుతుంది, చెద కూడా తరచు అక్కడి నుంచే ఎక్కుతుంది. సుత్తితో తడితే గట్టి కలప ఖంగుమంటుంది, లోపల తినేసిన కలప బోలుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. వాసాల్లో ఏవి టేకు, ఏవి తాటి, ఏవి తరువాత మార్చినవి అని ఊళ్లో పెద్ద వడ్రంగి ఎవరినైనా పిలిచి అడగండి. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో కోనసీమలో ఎన్నో ఇళ్ల కప్పులు లేచిపోయాయి. అప్పుడు తిరిగి వేయించిన కప్పు అయితే, గోడలు తాతగారి కాలంనాటివైనా కలప ఆ నాటిది కాకపోవచ్చు. అలాగే 1986 ఆగస్టు వరదలో ఆ ఇంట్లోకి నీరు వచ్చిందా, వస్తే ఎంత ఎత్తు వరకు వచ్చిందనేది కూడా పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. ఇటుకను మట్టి అడుసుతో పేర్చిన గోడ రోజుల తరబడి నీళ్లలో నానితే, పైపూత బాగానే ఉన్నా లోపలి అడుసు కారిపోయి ఉండవచ్చు.

ఇవన్నీ చూశాక ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును ఒక పూట పిలిపించి రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. దానికయ్యే ఖర్చు మీ మొత్తం ఖర్చులో చాలా చిన్న భాగం. అయితే ఆ ఇంజనీరు పని చేసే కాంట్రాక్టరు తరఫు మనిషి కాకూడదు, పని ఇప్పిస్తానన్న మనిషీ కాకూడదు. వ్యాధి ఏమిటో చెప్పినవారే మందు కూడా అమ్మితే ఏమవుతుందో మనందరికీ తెలుసు.

స్లాబు సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ‘పెంకుల గొడవ శాశ్వతంగా పోతుంది కదా’ అన్న మాట చూసి నాకు భయం వేసింది. మనం బెంగుళూరు పెంకులని పిలిచే ఆ పెంకులతో, వాటి కింద అడ్డంగా కొట్టే సన్నని చెక్క బద్దలతో (రీపర్లు) కలిపి కప్పు బరువు చదరపు అడుగుకు సుమారు 6 కిలోలు ఉంటుంది. అయిదు అంగుళాల ఆర్‌సీసీ స్లాబు బరువు చదరపు అడుగుకు సుమారు 30 కిలోలు. దాని పైన వేసే వాలు కాంక్రీటు, మనుషులు, వాననీరు వేరే లెక్క. డెబ్బై ఏళ్లుగా 6 కిలోలు మోయడానికి అలవాటుపడిన గోడల మీద, అదీ మట్టి అడుసుతో కట్టిన గోడల మీద, ఒక్కసారిగా అయిదు రెట్లు బరువు పెట్టమనే మనిషి పునాది తవ్వి చూడకుండానే ఆ మాట అన్నాడంటే, అతని నిజాయితీ ఎలా ఉన్నా అతని చేతిలో ఇల్లు పెట్టకూడదు. గోడల పక్కన కొత్తగా పిల్లర్లు లేపి వాటి మీద స్లాబు వేయవచ్చు. కాని అది మరమ్మతు కాదు, ఇంటి లోపల మరో ఇల్లు కట్టడం, దాని ఖర్చు 14 లక్షల్లో తేలదు.

గోడల పూత విషయంలో కూడా ఇలాంటి తేడానే ఉంది. ఆ కాలపు ఇళ్లకు గానుగలో ఆడించిన డంగు సున్నంతో పూత పూసేవారు. కోనసీమలో భూగర్భ జలం పైపైనే ఉండటం వలన పునాది నుంచి గోడలోకి చెమ్మ ఎప్పుడూ ఎంతోకొంత ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూత ఆ తేమను బయటకు వదులుతుంది. దానిని చెక్కేసి గట్టి సిమెంటు పూత పూసి, పైన ప్లాస్టిక్ ఎమల్షను రంగు వేస్తే, బయటకు దారిలేని తేమ గోడలోనే పైకి ఎక్కి, మొదట అడుగు ఎత్తులో కనిపించిన చెమ్మ రెండు మూడేళ్లలో నడుము ఎత్తుకు చేరుతుంది, ఉప్పు పట్టి పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు ‘వాటర్ ప్రూఫింగ్’ పేరుతో మరో ఖర్చు మొదలవుతుంది. మీకు 22 లక్షలు చెప్పినవారి అంచనాలో సిమెంటు పూత, వాటర్ ప్రూఫింగ్ రెండూ పక్కపక్కనే ఉండటం నేను గమనించాను. ఆయన మిమ్మల్ని మోసం చేయాలనుకున్నారని నా ఉద్దేశం కాదు. అపార్టుమెంట్లు చేసి చేసి అలవాటైన చేతికి పాత ఇల్లు కూడా అపార్టుమెంటు లాగే కనిపిస్తుంది. సున్నపు పని తెలిసిన తాపీ మేస్త్రీలు ఇప్పుడు తక్కువే అయినా లేకపోలేదు. పాత గుళ్లు బాగుచేసినచోట ధర్మకర్తలను అడిగితే దొరుకుతారు.

ఇప్పుడు పనుల జాబితా. ‘ఇల్లు మొత్తం బాగుచేయడం’ అన్న ఒక్క వాక్యానికి ఒక్క ధర ఎప్పుడూ ఒప్పుకోకండి. పెంకులు దించడం, కడిగి ఏరడం, పగిలిన వాటి స్థానంలో సరిపడే పెంకులు తెచ్చి తిరిగి నేయడం చదరపు అడుగుల్లో, వాసాలు, దూలాలు మార్చడం ఘనపుటడుగుల్లో, మూలల రేకులు అడుగుల్లో, పూత చదరపు అడుగుల్లో, తలుపులు, కిటికీల మరమ్మతు ఒక్కొక్కదానికి, ఇలా ప్రతి పనికీ కొలత, ధర వేర్వేరుగా రాయించాలి. సిమెంటు, ఇనుము, కలప మీరు కొనిపెట్టి పనివాళ్ల కూలి మాత్రమే మేస్త్రీకి ఇచ్చే లేబరు కాంట్రాక్టు మీకు మేలా, సామానుతో సహా ఇవ్వడం మేలా అని అడుగుతారు. మీరు ఊళ్లో ఉండరు కనుక అన్నీ మీరే కొనడం కుదరదు. అలాగని అన్నీ వదిలేయడమూ ప్రమాదమే. కలప, వైరింగు సామాను మీరే కొనండి, ఇసుక, ఇటుక, సున్నం వంటివి మేస్త్రీకి వదలండి. నా అనుభవంలో ధర తేడా, నాణ్యత తేడా అన్నిటికంటే ఎక్కువగా దాక్కునేది కలపలోనే.

కలప మాట వచ్చింది కనుక, మీ ఉత్తరంలో మీరు అసలు ప్రస్తావించని విషయం ఒకటి ఉంది. పాత ఇంట్లోంచి తీసిన టేకు దూలాలు, తలుపులు, ద్వారబంధాలు ఎవరివి? తక్కువ ధర చెప్పినవారిలో కొందరు ‘పాత సామాను మాకు వదిలేయండి, దించే కూలి మేమే పెట్టుకుంటాం’ అంటారు. వినడానికి ఉదారంగానే ఉంటుంది. లెక్క వేసి చూడండి: 12 అడుగుల పొడవు, 8 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల మందం ఉన్న దూలం ఒక్కటి సరిగ్గా 4 ఘనపుటడుగులు. అలాంటివి ఇంట్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పాత టేకు ఘనపుటడుగు ఎంతకు కొంటారో ఏదైనా కలప అడితిలో అడిగితే, ఆ 9 లక్షల ధర అంత తక్కువగా ఎందుకుందో అర్థం కావచ్చు. పని మొదలవకముందే ప్రతి దూలానికీ, తలుపుకీ రంగుతో నంబరు వేసి, కొలత రాసి, ఫొటో తీసి, ఆ జాబితాను ఒప్పందానికి జతచేయండి. బాగున్న చివర్లు కోసి, పాడైన వాసాలకు అతుకులు వేయడానికి కూడా ఆ కలపే పనికొస్తుంది.

మనుషులను వెతకడం ఎక్కడ అంటే, బంధువుల సిఫారసును నేను చివరన పెడతాను. బంధువు చెప్పిన మేస్త్రీతో గట్టిగా మాట్లాడలేం, పని పాడైతే బంధుత్వం కూడా పాడవుతుంది. దానికంటే సిమెంటు కొట్టు, హార్డ్‌వేర్ కొట్టు, కలప అడితి యజమానులను అడగండి. ‘ఎవరు మంచి మేస్త్రీ’ అని అడిగితే తమకు ఎక్కువ సరుకు అమ్మిపెట్టే వారి పేరే చెబుతారు, మేస్త్రీకి కొట్టువాడు కమీషను ఇవ్వడం కొత్తేమీ కాదు. ‘మీ దగ్గర అరువు పెట్టకుండా సరుకు తీసుకెళ్లే మేస్త్రీలు ఎవరు’ అని అడగండి. కొట్లో బాకీ పడి ఉన్న మేస్త్రీ చేతిలో మీరు పెట్టే అడ్వాన్సు మీ ఇంటికి చేరకముందే ఆ కొట్టుకు చేరుతుంది. నాకు జరిగింది అదే కదా.

పేర్లు దొరికాక, వాళ్లు చేసిన ఇళ్లు చూడాలి. మొన్న పూర్తయిన ఇల్లు చూపిస్తే అది బాగానే ఉంటుంది, దాని వలన మీకు ఏమీ తెలియదు. మూడు వానాకాలాలు గడిచిన ఇల్లు చూపించమనండి. మేస్త్రీని వెంటబెట్టుకొని వెళ్తే ఆ ఇంటివారు మొహమాటపడతారు కనుక ఒక్కరే వెళ్లండి. ‘పని బాగుందా’ అన్న ప్రశ్నకు ఎవరైనా బాగుందనే అంటారు. చివరి చిన్నచిన్న పనులు పూర్తి కావడానికి ఎన్నాళ్లు పట్టింది, మొదట చెప్పిన ధరకూ చివరి ధరకూ ఎంత తేడా వచ్చింది, ఆ తేడా ఎందుకు వచ్చిందో ముందే చెప్పాడా తరువాత చెప్పాడా, వాన వచ్చాక కారితే పిలిచినప్పుడు వచ్చాడా అని అడగండి. ఈ ప్రశ్నలు ఇంటి యజమానిని కాక ఇల్లాలిని అడిగితే నిక్కచ్చి సమాధానాలు వస్తాయి. పనివాళ్లు రోజంతా ఎలా ఉన్నారో, ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు వెళ్లారో చూసింది ఆవిడే.

ఇక మేస్త్రీతో మాట్లాడే రోజున అతను ధర ఎంత తొందరగా చెబుతాడో గమనించండి. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, నిచ్చెన ఎక్కకుండా, టేపు తీయకుండా ధర చెప్పినవాడు తరువాత ఆ ధర మీద నిలబడడు, నిలబడలేడు కూడా. ‘ఇది విప్పి చూస్తేనే తెలుస్తుంది, ఇంతవరకు మాత్రం ధర చెప్పగలను’ అన్నవాడిని మీరు తెలియనివాడుగా అనుకోకండి, పాత ఇళ్లు చేసిన అనుభవం ఆ మాటలో ఉంటుంది. నేను మేస్త్రీలందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఈ ఇంట్లో మీ చేత కాని పని ఏది?’ అని. కరెంటు పని నాది కాదనో, చెదమందు వేరేవాళ్లను పిలవాలనో, ఆ చెక్కడం ఉన్న ద్వారబంధం ఫలానా వడ్రంగి తప్ప మరొకరు ముట్టుకోకూడదనో చెప్పేవాడితో నాకు ఎప్పుడూ పని చెడలేదు. అన్నీ నేనే చేయిస్తాను అన్నవాడు నిజానికి చేయించేది తెలియని కూలీల ముఠాల చేత. వాళ్లకు ధర ఎంత ఇస్తాడో మీకు తెలియదు, వాళ్లు మీకు జవాబుదారీ కాదు.

కరెంటు పని గురించి రెండు మాటలు చాలు. చెక్క బద్దీ మీద లాగిన పాత వైర్లలో ఒక్కటి కూడా ఉంచవద్దు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేత ఎర్తింగు కొత్తగా వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి. చెదమందు విషయంలో ‘పదేళ్ల గ్యారంటీ’ కాగితం చూసి సంతోషించకండి. గోడ వెంబడి నేలకు రంధ్రాలు వేసి మందు దింపే పద్ధతిలో ఒక్కో రంధ్రానికి మధ్య దూరం సుమారు 300 మిల్లీమీటర్లు ఉండాలి. పైపైన పిచికారీ కొట్టి వెళ్లిపోయేవారే ఎక్కువ. పక్కన ఒక మనిషిని నిలబెట్టి రంధ్రాలు లెక్కపెట్టించండి.

డబ్బు చెల్లింపు గురించి అందరూ అడ్వాన్సు తక్కువ ఇవ్వమనే చెబుతారు, నేనూ పది శాతం మించవద్దనే అంటాను. అయితే మేస్త్రీ వైపు నుంచి కూడా చూడాలి. పదిమంది కూలీలకు వారం వారం డబ్బు ఇవ్వాల్సిన మనిషి దగ్గర మిగులు అంతగా ఉండదు. మీరు హైదరాబాదులో బిల్లు పరిశీలిస్తూ ఇరవై రోజులు ఆలస్యం చేస్తే, అతని ముఠా పక్క ఊరి పనికి వెళ్లిపోతుంది, తిరిగి రాదు. మేస్త్రీలు కూడా ఇంటి యజమానుల గురించి ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. చివరి బిల్లు ఎగ్గొట్టే యజమాని ఇంటికి ఆ చుట్టుపక్కల మంచి మేస్త్రీ ఎవరూ రారు. అందుచేత జరిగిన పనిని వారానికోసారి కొలిచి, ఒక కొలతల పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, రెండు రోజుల్లో డబ్బు వేయండి. ప్రతి బిల్లులోనూ పది శాతం మినహాయించి, కప్పు పని పూర్తయ్యాక ఒక వానాకాలం గడిచి కారుడు లేదని తేలిన తరువాత ఆ మొత్తం ఇస్తామని ఒప్పందంలోనే రాయండి. పాత ఇల్లు విప్పినకొద్దీ కొత్త పని బయటపడుతుంది కనుక మీ అంచనా మీద మరో పాతిక శాతం విడిగా పెట్టుకోవాలి. కాని ఆ విషయం మేస్త్రీకి చెప్పనక్కరలేదు. అదనపు పని ఏదైనా సరే, ధర రాసుకొని మీరు వాట్సాప్‌లో సరే అన్న తరువాతే మొదలుపెట్టాలన్నది గట్టి షరతుగా ఉండాలి.

దూరం నుంచి పర్యవేక్షించడమే మీ అసలు బలహీనత. రోజూ ఫొటోలు పంపమంటే పంపుతారు, ఆ ఫొటోలో బాగున్న మూలే కనిపిస్తుంది. టేపు ఆనించి తీసిన ఫొటో మాత్రమే లెక్కలోకి వస్తుందని చెప్పండి. అంతకంటే మంచి మార్గం, ఆ చుట్టుపక్కల ఉన్న పదవీ విరమణ చేసిన వర్క్ ఇన్‌స్పెక్టరును, అంటే ప్రభుత్వ కట్టడాల పనిని దగ్గరుండి చూసిన మనిషిని, నెల జీతం మీద పెట్టుకోవడం. మేస్త్రీతో పరిచయం ఉన్నవారు కాకుండా, మీ నుంచే జీతం తీసుకునేవారై ఉండాలి. కూలీల విషయం కూడా ఆయనకే అప్పగించండి. కప్పు మీద పని అంటే పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఏడాదికి 20 రూపాయలతో ప్రమాదవశాత్తు మరణానికి 2 లక్షల బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ప్రతి పనివాడి బ్యాంకు ఖాతా నుంచి కట్టించిన తరువాతే నిచ్చెన ఎక్కనివ్వండి. పనివాళ్ల ప్రమాదాలకు బాధ్యత ఎవరిదో ఒప్పందంలో విడిగా రాయించండి.

ఒప్పందం చెడితే ఎక్కడికి వెళ్లాలన్నది కూడా తెలిసి ఉండాలి. చాలామంది స్థిరాస్తి వ్యాపార నియంత్రణ సంస్థ అయిన రెరాకు ఫిర్యాదు చేస్తామంటారు, కాని అమ్మకం, ప్రచారం లేని సొంత ఇంటి మరమ్మతు రెరా పరిధిలోకి రాదు. మీకు పనికొచ్చేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కనుక జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. మీరు నివసించే చోటే దాఖలు చేసే వీలు ఆ చట్టం ఇచ్చింది కనుక హైదరాబాదులోనే వేయవచ్చు. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల వరకైతే రుసుము లేదు, 10 నుంచి 20 లక్షల మధ్య అయితే 400 రూపాయలు. అయితే కమిషను ముందు నిలబడేది సంతకాలున్న కొలతల పుస్తకం, బ్యాంకు ద్వారా చేసిన చెల్లింపులే, నోటిమాటలకు విలువ ఉండదు. నగదు ఇవ్వడం ఈ కారణంగా కూడా మానుకోండి.

ఇల్లు ఉమ్మడి ఆస్తి అయితే మీ బాబాయిల చేత, అత్తయ్యల చేత ముందుగానే సమ్మతి పత్రం రాయించుకోండి. పెంకులు దించిన రోజున ఎవరో వచ్చి పని ఆపించడం, ఆ ఆగిన రోజులకు మేస్త్రీ కూలి అడగడం నేను రెండు ఇళ్లలో చూశాను, ఆ రెండు చోట్లా మేస్త్రీదే న్యాయం.

చివరగా కాలం. కోనసీమలో కప్పు విప్పే పని సంక్రాంతి వెళ్లిన తరువాత మొదలుపెట్టి ఏప్రిల్ లోపు మూసేయాలి. సంక్రాంతికి ముందు మొదలుపెడితే పండక్కి వెళ్లిన ముఠా ఎప్పుడు వస్తుందో తెలియదు, మే నెలలో మొదలుపెడితే నైరుతి వానలకు దొరికిపోతారు, అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. అంటే ఈ వానాకాలంలో ఇల్లు చూసుకోవడం, ఇంజనీరు నివేదిక, పనుల జాబితా పూర్తి చేస్తే, కార్తికమాసం నాటికి ఆ జాబితాతో ముగ్గురినీ మళ్లీ పిలవవచ్చు. స్లాబు వేద్దామన్నవారిని, పునాది తవ్వి చూసి మాట్లాడడానికి సిద్ధపడితేనే పిలవండి. 9 లక్షలు చెప్పినవారిని పాత కలప సంగతి తేల్చి ధర చెప్పమనండి. 22 లక్షలు చెప్పినవారి చేత సిమెంటు పూత, ఫాల్సు సీలింగు తీసేసి మళ్లీ లెక్క వేయించండి. వీరితోపాటు మీరు కొత్తగా వెతికి పట్టుకున్న ఒకరిద్దరికి కూడా అదే కాగితం ఇవ్వండి. ఎవరికి పని ఇచ్చినా, మొదట ఒక్క వంటగది కప్పు మాత్రమే విప్పి, నేసి, మూసే పని ఇచ్చి చూడండి. పదిహేను రోజుల ఆ పనిలో మనిషి ఎలాంటివాడో మీకు తెలిసిపోతుంది, నచ్చకపోతే మిగిలిన ఇల్లు ఇంకా పెంకుల కిందే ఉంటుంది.